ముక్కు బెజ్జం కనిపించని ఫోటో

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను కడప నుంచి ప్రొద్దుటూరుకు పోలీసు ఫోటోగ్రాఫరుగా వేశారు. హోదా కానిస్టేబులుదే. కాకపోతే చీకటి గది నా సొంతం, దాని తాళంచెవి నా మొలతాడుకే ఉండేది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల ఎక్కడ కన్నం పడినా, తల పగిలినా, గుర్తు తెలియని శవం దొరికినా కెమెరా సంచీ భుజాన వేసుకుని బస్సెక్కడం నా పని.

ఈ మధ్య కెమెరాల పిచ్చి పట్టిన కుర్రాళ్లు నన్ను వెతుక్కుంటూ వచ్చి ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. రేంజ్‌ఫైండర్ కెమెరాకు పాత లెన్సు మంచిదా, కొత్త లెన్సు మంచిదా అని. నాకు ఒళ్లు మండుతుంది. తినేవాడెవడో చెప్పకుండా సంగటి మంచిదా గంజి మంచిదా అంటే ఏం చెబుతాం? నా జవాబు ఒక శవం దగ్గర మొదలవుతుంది. ఓపికుంటే వినమంటాను.

ముందు కెమెరా సంగతి. నాకిచ్చింది జర్మనీలో చేసిన రేంజ్‌ఫైండర్. ఇందులో మనం లెన్సులోంచి చూడం. పైన వేరే చిన్న కిటికీ ఉంటుంది. అందులో ఎదుటి మనిషి ఒకడే ఇద్దరుగా కనిపిస్తాడు. లెన్సు రింగు తిప్పుతూ పోతే ఆ రెండు బొమ్మలూ వచ్చి ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. అప్పుడు ఫోకస్ కుదిరినట్టు. సదుపాయమే గానీ ఇందులో ఒక చిక్కుంది. ఏ లెన్సు బిగించినా కిటికీలో బొమ్మ ఒకటే. లెన్సు మూత తీయడం మరిచినా కిటికీలో లోకం దివ్యంగా కనిపిస్తూనే ఉంటుంది. లెన్సు నిజంగా ఏం చూసిందో నెగిటివ్ కడిగాక గానీ తెలియదు. అప్పటికి మనం ఫోటో తీసిన మనిషి మనకు దొరకకపోవచ్చు.

కెమెరాతో పాటు రెండు లెన్సులు ఇచ్చారు. ఒకటి యుద్ధానికి ముందుది. దాని గాజు మీద పూత ఉండదు. లోపల సన్నని మసక కూడా కమ్ముకుంది. వెలుతురు దాని లోపల అటూ ఇటూ తగిలి నీడల్లోకి కూడా కొంచెం పాకేది. అందువల్ల ఎర్రటి ఎండలో తీసినా కళ్లగుంటలు నల్లబడవు, ముఖం మీది గీతలు మెత్తబడతాయి. రెండోది అప్పుడే కొత్తగా వచ్చింది. గాజు మీద ఊదా రంగులో మెరిసే పూత. అది చర్మం మీద వెంట్రుక మొదలు కూడా వదలదు. కానీ నీడ పడిన చోట తారు పూసినట్టు నల్లగా వదిలేస్తుంది.

కడపలో మా పైవాడు హెడ్ ఫోటోగ్రాఫర్ ఖాదర్ సాహెబ్. పనిలో ఘటికుడు. కోపం వస్తే ఉర్దూలోకి, ఇంకా వస్తే మౌనంలోకి వెళ్లేవాడు. శవాల ఫోటోలకు ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. ఎదురు ముఖం పాత లెన్సుతో తీయాలి, ఎందుకంటే అయినవాళ్లకు చూపించేది అదే. కుడి పక్క, ఎడమ పక్క కొత్త లెన్సుతో తీయాలి, ఎందుకంటే అవి కేసు కట్టలో నెగిటివ్‌లుగానే పడి ఉండేవి. చచ్చిన ముఖాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తే కన్నతల్లి కూడా గుర్తుపట్టదనేది ఆయన అనుభవం. అందులో అబద్ధం లేదు. నీళ్లలో నానిన ముఖాన్ని కొత్త లెన్సుతో తీస్తే అది మనిషిలాగే ఉండదు.

ఆ ఏడు తొలకరికి ముందు జమ్మలమడుగు దగ్గర పెన్నలో, ఇసుక మధ్య మిగిలిన మడుగులో ఒక మగమనిషి శవం తేలింది. నేను వెళ్లేసరికి ఒడ్డుకు తీసి పడుకోబెట్టారు. ముప్పై ఏళ్లు దాటిన మనిషి. ముతక పంచె, ఒంటి మీద ఇంకేమీ లేదు. దెబ్బలు లేవు. శవ పంచనామా అయ్యేదాకా కదిలించకూడదు గనుక నడినెత్తి ఎండలోనే తీయాల్సి వచ్చింది. పద్ధతి ప్రకారం ఎదురు ముఖం పాత లెన్సుతో, రెండు పక్కలూ కొత్త లెన్సుతో తీశాను. ఎండకు శవం ఆగే పరిస్థితి కాదు, నాదని అడిగే దిక్కు లేదు. పెద్దాసుపత్రి డాక్టరు చూసిన తర్వాత ఆ సాయంత్రమే ఒడ్డున పూడ్చేశారు.

ఎదురు ముఖం ప్రింట్లు చుట్టుపక్కల స్టేషన్లకు పంపాం. పులివెందుల నుంచి వెంటనే కబురొచ్చింది. అక్కడి ఒక పల్లెలో తిప్పన్న అనే రైతు ఎద్దుల కోసమని జమ్మలమడుగు వైపు వెళ్లి తిరిగి రాలేదని అతని భార్య నాగమ్మ ఫిర్యాదు ఇచ్చి ఉంది. తమ్ముడు రామన్న ప్రింటు చూసి, "మా అన్నే" అని ఏడ్చాడట. ఊరంతా చూసి అవునన్నారు. తిప్పన్న బతికున్నప్పటి ఫోటో ఒక్కటీ ఎవరి దగ్గరా లేదు. ఆ రోజుల్లో పల్లెలో రైతుకు ఫోటో ఎందుకు?

గుర్తించినట్టు సంతకం చేయడానికి రామన్న ప్రొద్దుటూరు వచ్చాడు. సంతకం పడితే కేసు ముగుస్తుంది. ఇంటికి పోయి కర్మ చేస్తారు, నాగమ్మ గాజులు పగలగొట్టి బొట్టు తీసేస్తారు. అతన్ని తప్పు పట్టలేం. తొలకరి పడింది. ఇంట్లో మైల ఉండగా విత్తనం వేయకూడదు. శనక్కాయ అదను దాటితే ఆ ఏడు తినడానికి ఏమీ ఉండదు. అన్న కోసం ఏడుస్తూనే మబ్బుల వైపు చూస్తున్నాడు పాపం.

అతని వెంట తల్లి ఓబుళమ్మ, వదిన నాగమ్మ కూడా వచ్చారు. ఓబుళమ్మ వసారాలో గోడకు ఆనుకుని కూలబడింది. నాగమ్మ మాత్రం స్టేషను గుమ్మం దాటి లోపలికి వచ్చి, చేతిలోని ప్రింటు సర్కిల్ ఇనస్పెక్టరు గారి బల్ల మీద పెట్టింది.

"దీంట్లో ముక్కు యాడుంది సార్?" అంది.

ఇనస్పెక్టరు గారు కోస్తా వారు. ఆడమనిషి నిలబడి అంత సూటిగా అడగడం ఆయనకు కొత్త. ముక్కు కనబడుతూనే ఉంది కదమ్మా అన్నారు.

"అది కాదు సార్. మా ఆయప్పకు కుడి ముక్కుకు బెజ్జముండాది. ఆ బెజ్జం యాడ? ఈ పోటోలో అంతా పొగ పట్టినట్టుండాది. ఈ మనిసి ఎవురైనా కావచ్చు."

రామన్న అడ్డం వచ్చాడు. "నీళ్లల్లో నాని పూడిపోయింటాదిలే వదినా. ఇంగ ఎన్నాళ్లు ఇట్ల?"

"పూడిపోతే పూడిపోయిందని చూపీమను. చూపిచ్చినాక నా గాజులు నేనే పగలగొట్టుకుంటా. ఒకరు జెప్పినారని పగలగొట్టుకోను."

ఆ బెజ్జం కథ వసారాలోంచి ఓబుళమ్మ చెప్పింది. ఆమెకు తిప్పన్నకు ముందు పుట్టిన పిల్లలు దక్కలేదు. ఇలాంటప్పుడు ఆ సీమలో ఒక ఆచారం ఉంది. తర్వాత పుట్టిన బిడ్డను చెత్త పోసే తిప్ప మీద దొర్లించి, పనికిరానిదని పారేసినట్టు పారేసి, మళ్లీ ఎత్తుకుంటారు. మృత్యువు కన్ను పడకుండా తిప్ప పేరే పెడతారు. మగబిడ్డ అయినా కుడి ముక్కు కుట్టించి రింగు వేస్తారు. తిప్పన్న పెళ్లినాటి వరకూ ఆ రింగుతోనే తిరిగాడట. "పెండ్లిలో నేనే తీసినా నాయనా. బెజ్జం జొన్నగింజంత ఉండాది. అది పూడేది గాదు," అంది ఓబుళమ్మ.

ఇనస్పెక్టరు గారు నా వైపు చూశారు. నాకు వెంటనే కుడి పక్క నెగిటివ్ గుర్తుకొచ్చింది. ఆ పక్క ఫోటోలు ప్రింటు వేయడం మా పద్ధతిలో లేదు. ఎవరైనా అడిగితేనే వేస్తాం, ఎవరూ అడగరు. ప్రింటు వేసి చూపిస్తానన్నాను. ఆయన కొంచెం విసుగుతోనే ఒప్పుకున్నారు. తమ్ముడే గుర్తుపట్టాక ఇంకా ఏం చూస్తారన్నది ఆయన ఉద్దేశం.

చీకటి గదిలో ఎర్రదీపం కింద ముక్కు, చెంప, గడ్డం పడేలా కుడి పక్క ముఖాన్ని పెద్దది చేసి కాగితం మీద వేశాను. మందు తొట్టిలో కాగితం ఊపుతుంటే ముందు గడ్డం వచ్చింది, తర్వాత చెంప, చివర ముక్కు. మాసిన గడ్డం వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు. చర్మం మీద ఇసుక రేణువులు కూడా పడ్డాయి. ముక్కు పక్క నున్నగా ఉంది. బెజ్జం లేదు, మచ్చ లేదు, పూడిన గుంట కూడా లేదు.  మేం పంపిన ఫోటో పట్టుకుని అక్కడ ఒక ఇల్లు ఇన్నాళ్లూ ఏడుస్తోందన్న మాట.

ఒక అనుమానం ఉండనే ఉంది. నెగిటివ్ తిరగేసి పెడితే కుడి ఎడమవుతుంది. కోర్టులో వకీలు మొదట అడిగేది అదే. అందుకని మందు పూసిన వైపు చూసుకుని, ఎడమ పక్క కూడా ప్రింటు వేశాను. అదీ నున్నగానే ఉంది. కాబట్టి ఎటు తిప్పినా మాట ఒక్కటే. ఆరని ప్రింట్లనే గాజుపలక మీద పరిచి ఇనస్పెక్టరు గారి బల్ల మీద పెట్టి, ఓబుళమ్మను లోపలికి పిలిచి భూతద్దం ఇచ్చాను.

ఓబుళమ్మ చూపు మందం. ప్రింటును వెలుతురుకు పట్టుకుని భూతద్దం జరుపుతూ చాలాసేపు చూసింది. తర్వాత వేలితో ఆ ముక్కును తడిమింది, అక్కడ చర్మం ఉన్నట్టే.

"వీడు నా కొడుకు గాదు," అంది.

నాగమ్మ రెండు చేతులూ కొంగులో దాచుకుని గోడ వైపు తిరిగి నిలబడింది. భుజాలు అదురుతున్నాయి. రామన్న మాత్రం బల్ల పట్టుకుని నెమ్మదిగా నేల మీద కూర్చున్నాడు.

"అయితే నేను ఏడ్సిండేది ఎవురికప్పా?" అన్నాడు నన్ను చూసి.

 అప్పటికి ముప్పై ఏళ్ల లోపు వాణ్నే అయినా, శవాలు చూసి చూసి మొద్దుబారానని అనుకునేవాణ్ని. ఆ మాటకు మాత్రం తల దించుకున్నాను.

సంతకం పడలేదు. ఇనస్పెక్టరు గారు గుర్తింపు కాగితం పక్కన పెట్టి, శవం ఎవరిదో ఇంకా తేలలేదని తిరిగి రాశారు. పులివెందుల ఫిర్యాదు మళ్లీ తెరిచారు. ఆ కుటుంబం ఇంటికి వెళుతుందనుకున్నాను. ఓబుళమ్మ కదల్లేదు. ఆ మనిషిని ఎక్కడ పూడ్చారో చూపించమంది.

"నా బిడ్డ గాకుంటే ఎవురి బిడ్డో. మా ఇంట్లో ఏడ్పు పడింది వానికి. ఏడ్సినాక ఒట్టి చేతులతో పంపీకూడదు," అంది.

జమ్మలమడుగు హెడ్ కానిస్టేబులుకు చీటీ ఇచ్చి పంపడం కంటే నేనే వెళ్లడం నయమనిపించింది. పెన్న ఒడ్డున ఆ దిబ్బ మీద ఓబుళమ్మ పాలు పోసి టెంకాయ కొట్టింది. రామన్న ఎక్కడి నుంచో ఒక నాపరాయి మోసుకొచ్చి తలవైపు నాటాడు. దాని మీద పేరు లేదు. నాగమ్మ దూరంగా నిలబడి దండం పెట్టింది. తిరుగు బస్సెక్కాం. జమ్మలమడుగు దాటాక వాన మొదలైంది. రామన్న కిటికీలోంచి చేయి బయటపెట్టి చినుకులు పట్టుకుని చూశాడు.

తర్వాత ఖాదర్ సాహెబ్ తనిఖీకి వచ్చినప్పుడు రెండు ప్రింట్లూ పక్కపక్కన పెట్టి జరిగింది చెప్పాను. ఉర్దూలోకి వెళతాడనుకున్నాను, మౌనంలోకి వెళ్లాడు. చివరికి, చూసేవాళ్లకు బాధ తగ్గాలని మెత్తగా తీశాం, ఆ మెత్తదనంలో వాళ్లు తాము భయపడ్డ ముఖమే చూసుకున్నారు అన్నాడు. ఆ రోజే పద్ధతి మార్చాడు. ఎదురు ముఖం కొత్త లెన్సుతోనే తీయాలి, నీడలు నల్లబడకుండా పక్కన తెల్లపంచె పట్టించి వెలుతురు మళ్లించాలి, రెండు పక్కల ప్రింట్లు కూడా ప్రతి స్టేషనుకూ పంపాలి. నేను ఉద్యోగం చేసినంత కాలం అలాగే చేశాను. పాత లెన్సును పారేయలేదు. రిటైరయ్యే ఉద్యోగుల గ్రూపు ఫోటోలకు, ఇనస్పెక్టరు గారి అమ్మాయి పెళ్లికి అదే వాడాను. అందరూ అందంగా వచ్చామని సంతోషించారు.

ఆ చచ్చిన మనిషి ఎవరో తేలలేదు. ఆంధ్రప్రదేశ్ వచ్చాక నాకు కర్నూలు బదిలీ అయింది. వెళ్లే ముందు ఒక కేసు పని మీద పులివెందుల వెళ్లినప్పుడు సంతలో నాగమ్మ ఎదురైంది. తిప్పన్న రాలేదని చెప్పింది. చేతుల నిండా గాజులున్నాయి.

కుర్రాళ్లకు నేను చెప్పేది ఇంతే. పాత లెన్సు బొమ్మలో కొంత ఖాళీ వదులుతుంది. ఆ ఖాళీలో చూసేవాడు తన మనసులో ఉన్నది పెట్టుకుంటాడు. పెళ్లి ఫోటోకు అది మంచిదే. కానీ ఆ ఫోటో చూసి ఒక మనిషి గాజులు ఉంచాలా, పగలగొట్టాలా అని తేల్చే చోట లెన్సు ఖాళీ వదలకూడదు. అందుకే లెన్సు బిగించే ముందు, ఈ ఫోటో చూసి ఎవరు ఏం చేయబోతున్నారని అడగండి.