మెత్తని పొట్టను నమ్మని మనిషి

కోదాడ నుంచి ఫోన్ వచ్చేసరికి పొద్దున ఎనిమిదయింది. సిస్టరమ్మ పోయిందని ఆమె కూతురు చెప్పింది. వారం నుంచి జ్వరం, దగ్గు అట. ఆఖరికి ఊపిరి అందలేదట. నేను అడిగిన మొదటి మాట, "కడుపునొప్పి అన్నదా?"

"లేదన్నయ్యా. అయినా పొట్ట కూడా చూపించాం. అమ్మే చూపించమంది."

అప్పటికీ నా అనుమానం పోలేదు. అట్లా అనుమానపడటం ఆమె దగ్గర నేర్చుకున్నదే.

మిర్యాలగూడలో మేం కిరాయికున్న ఇంటి కింది వాటాలో ఉండేది సిస్టరమ్మ. సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది. ఏదీ ఒక పట్టాన నమ్మేది కాదు. పాలప్యాకెట్ మీద తేదీ చూడనిదే కత్తిరించదు. గోళీల అట్ట కళ్లద్దాల దగ్గరికి తెచ్చుకుని చదివి, చీటీతో పోల్చి, మళ్లీ చదివేది. గల్లీలో ఎవరే ముచ్చట తెచ్చినా "చూశారా, విన్నారా?" అని అడిగేది. విన్నామంటే ఆ ముచ్చట అక్కడికి ఖతం. మా ఆవిడకు అది నచ్చేది కాదు. మనం అబద్ధం చెప్తున్నట్టు సూస్తది అనేది.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు రైసుమిల్లులో పనిచేసే మా తమ్ముడికి అంటుకుంది. పై గదిలో విడిగా ఉంచాం. తొమ్మిదో రోజుకు జ్వరం దిగింది, దగ్గు తగ్గింది. గండం గడిచిందనుకున్నాం. పదోరోజు మధ్యాహ్నం కడుపునొప్పి అన్నాడు. మందులషాపులో గ్యాస్ అన్నారు, గోళీ ఇచ్చారు. గంటకు మంచం మీద మెలికలు తిరుగుతున్నాడు.

ఆ అరుపులు విని సిస్టరమ్మ రెండు మాస్కులు కట్టుకుని పైకొచ్చింది. వాడి పొట్ట నాలుగు వైపులా నొక్కి చూసింది. చేతులు కడుక్కుంటూ నాతో అన్నది:

"పొట్ట మెత్తగా ఉంది బాబూ. మనిషేమో ఇంత నొప్పి పడుతున్నాడు. ఈ రెండూ కలవట్లేదు. నాకు నచ్చలేదు. సూర్యాపేట తీసుకుపోదాం, ఇప్పుడే."

మెత్తగా ఉంటే మంచిదే కదా అనుకున్నాను. కారు మాట్లాడి వచ్చేసరికి మా ఆవిడ నన్ను పక్కకు పిలిచింది. సిస్టరమ్మ ఎవరికో ఫోన్ చేసి, పేషెంటును తెస్తున్నాను, ఉంచండి అని చెప్పిందట. "ఆమెకేమన్న కమీషన్ ముడుతదేమో, జర సూసుకో," అన్నది. ఆ మాట నా చెవిలో పడి అక్కడే కూర్చుంది.

దారి పొడుగునా సిస్టరమ్మనే చూస్తూ పోయాను. ఆమె వాడి చెయ్యి పట్టుకుని నాడి చూస్తున్నది. ప్రైవేటు ఆస్పత్రి మెట్ల మీదే ఒక మనిషి "వచ్చిన్రా మేడం" అని ఎదురొచ్చాడు. నా అనుమానం ఇంకా గట్టిపడింది.

స్కానింగ్ అయింది. ఈ జబ్బులో కొందరికి రక్తం గడ్డకడుతుందని, వీడికి పేగుకు రక్తం తీసుకుపోయే నాళంలో గడ్డ అడ్డం పడిందని, కొంత పేగు చచ్చిపోయి ఉండొచ్చని, వెంటనే కోయాలని డాక్టర్ చెప్పాడు. రోగం ఊపిరితిత్తుల్లో ఉంటే కడుపు ఎందుకు కోస్తారు? కాగితం ముందుపెట్టారు. నేను పెన్ను ముట్టలేదు.

సిస్టరమ్మ నా మొహం చూసింది. ఆమెకు అంతా అర్థమయింది.

"నన్ను నమ్మి సంతకం పెట్టొద్దు. ఆ రిపోర్టు ఫోటో తీసి, నీకు తెలిసిన డాక్టరుకు పంపు. కానీ త్వరగా. మనం అనుమానపడినంతసేపు పేగు ఆగదు."

నాతో చదివిన ఒకడు హైదరాబాద్‌లో డాక్టర్. వాడికి పంపాను. మెసేజ్ పెట్టకుండా ఫోనే చేశాడు. ఏం చేస్తున్నవ్‌రా, సంతకం పెట్టు అన్నాడు. పెట్టాను.

మూరెడు పేగు తీసేశారు. తమ్ముడు బతికాడు. ఆ రోజుల్లో ఎక్కడా బెడ్లు లేవని, ఆ ఫోన్ బెడ్ ఉంచమని చేసిందేనని, ఎదురొచ్చిన మనిషి ఒకప్పుడు ఆమె వార్డులో బాయ్ అని తర్వాత తెలిసింది. నేనే అడిగి తెలుసుకున్నాను. తెలుసుకుని కూడా ఆమెతో తప్పయిందని అనలేకపోయాను.

ఆమె కూతురి దగ్గరికి కోదాడ వెళ్లిపోయిన ఏడాదికి నేను అక్కడికి పోయి, మిమ్మల్ని తప్పుగా అనుకున్న అని చెప్పాను.

"నాకు తెలుసులే," అన్నది. తన డ్యూటీలో జరిగిన ఒక సంగతి చెప్పింది. ఫ్లూతో వచ్చిన ఒకాయన మధ్యాహ్నమంతా కడుపునొప్పి అంటూనే ఉన్నాడు. పొట్ట నొక్కి చూసి, మెత్తగా ఉంది, గ్యాసే అని ఈమె సర్దిచెప్పింది. సాయంత్రానికి ఆయన పోయాడు. "ఇదే జబ్బు కావచ్చు, కాకపోవచ్చు. ఎవరూ కోసి చూడలేదు. కానీ ఆరోజు నన్ను నేను అనుమానించుకోవాల్సింది బాబూ."

ఆమెను నేను చూడటం అదే ఆఖరు.

ఫోన్ వచ్చిన గంటకు నేనూ తమ్ముడూ కోదాడ బయల్దేరాం. పాడె లేపేటప్పుడు వాడు ముందుకు పోయాడు. డాక్టర్లు బరువు ఎత్తొద్దన్నారని అమ్మ చెప్పేది కదా అని ఆమె కూతురు గుర్తుచేసింది. వాడు వినలేదు. భుజం మీద వెదురు పెట్టుకుని, ఒక చేత్తో దాన్ని పట్టుకుని, ఇంకో చెయ్యి చొక్కా మీదుగా కుట్ల మచ్చకు అదిమిపెట్టుకుని, ఎక్కడా భుజం మార్చకుండా శ్మశానం దాకా నడిచాడు.