పొద్దుగాల ఐదింటికే తెరిచిన తలుపు

మా అంగన్‌వాడి టీచరమ్మ పోయిన నెల చేవెళ్ల దవాఖానల కన్నుమూసింది. దినాలనాడు అందరు ఆమె మంచితనం గురించి చెప్పిన్రు. నా తప్పు చెప్పకుంటే ఆమె మంచితనం సగమే చెప్పినట్టు. అందుకే ఇన్నేండ్లకు పెన్ను పట్టిన.

మొయినాబాద్ దగ్గర మా సెంటర్‌ల నేను ఆయాను. ఏ పిల్ల గురించైనా రిజిస్టర్ల రాసేముందు టీచరమ్మ ఆ పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకునేది. "పిల్ల బరువు తొడ మీదుంటే చెయ్యి తొందరపడదు చెల్లె" అనేది.

ఒకసారి నాలుగేండ్ల పిల్ల చేతుల నిండ గీతలు కనబడ్డయి. తల్లే కొడుతున్నదనుకున్న.

"పై ఆఫీసుకు రాద్దాం టీచరమ్మా. పిల్లను ఏదన్న హాస్టల్‌ల పెడతరు."

"జర ఆగు. తల్లితోని మాట్లాడనియ్యి."

నేను ఆగలేదు. ఆదివారం ఆడవాళ్ల ప్రార్థన కూటంల ఆ తల్లి పేరు చెప్పి, ఆమె మనసు మారాలని ప్రార్థించమన్న. మంచే చేస్తున్ననుకున్న. మంగళవారానికి, ఆమె పిల్లను కొడుతదని, పిల్లను హాస్టల్‌కు తీసుకపోతరని ఊరంత పాకింది. తల్లి పిల్లను పంపుడు బంద్ చేసింది.

టీచరమ్మ నన్ను తిట్టలేదు. వెంట తీసుకొని వాళ్లింటికి పోయింది. తల్లి గడపకు అడ్డం నిలబడ్డది.

"మీ ఆయమ్మ నా కోసం ప్రార్థన చేస్తున్నదంట. చేసుకొమ్మను. నా పిల్లను మాత్రం ఇయ్య."

టీచరమ్మ అరుగు మీద కూర్చున్నది. పిల్ల తనే ఉరికొచ్చి ఒళ్లోకి ఎక్కింది.

"ఈ గీతలేంది బంగారం?"

"గులాబీలు గుచ్చినయ్."

తల్లి అప్పుడు ఏడ్చింది. తెల్లారకముందే తోటల పూలు కొయ్యాలె. ఇంట్ల ఎవరు లేరు, పిల్లను వెంట తీసుకపోతున్నది.

"పిల్లను ఎవ్వరు తీసుకపోరు, నేను ఏం రాయలేదు" అన్నది టీచరమ్మ. "రేపటిసంది ఐదింటికే తలుపు తీస్త. నా కాడ దించిపో."

"ఐదింటికా? సర్కారోళ్లు ఒప్పుకుంటరా?"

"సర్కారు లేచేసరికి నీ బిడ్డ ఇంకో నిద్ర తీస్తది తియ్యి."

తిరిగొచ్చేటప్పుడు నాతో ఒక్కటే మాటన్నది: "దేవునికి చెప్పేది దేవునికే చెప్పు చెల్లె. ఊరికెందుకు?" మళ్ల ఎన్నడు ఆ ముచ్చట ఎత్తలేదు. క్షమించమని ఆ తల్లిని అడగడానికి నాకు నెల పట్టింది.

మర్నాడు ఎవరు రమ్మనకున్నా నేను గూడ ఐదింటికి పోయిన. తల్లి నిద్రల ఉన్న పిల్లను టీచరమ్మ భుజం మీదికి మార్చి తోట దిక్కు నడిచింది. మలుపు కాడ ఆగి, నా దిక్కు చూసింది. అట్ల వారం దినాలు చూసింది. తర్వాత చూసుడు మానేసి, చేతులు ఊపుకుంట పోయేది.

ఆ పిల్ల ఇప్పుడు డిగ్రీ చదువుతున్నది. ఇది ఆమె ముచ్చట, చెప్పాలంటే ఆమే చెప్పాలె. చదివినవాళ్లు ఈ కాయితాలు పదిలంగ పెట్టుండ్రి. నా తప్పు ఒప్పుకునేటందుకే రాసిన, ఊరికి చూపియ్యకుండ్రి.