లచ్చి తోక వెంట్రుకల కోసం పాలకుర్తి దాకా

హనుమకొండలో నేను చదివేది పశువుల జన్యుశాస్త్రం. కడుపు నిండిందని ఆవు మెదడుకు చెప్పే హార్మోన్ ఏది, పెరుగుదల హార్మోన్ ఒక దూడలో చురుగ్గా, ఇంకోదాంట్లో మందకొడిగా ఎందుకుంటుంది అని రోజంతా తల బద్దలు కొట్టుకుంటాం. పాలకుర్తి పక్క ఊళ్లో రాజవ్వ అనే పాడిరైతు దగ్గర ఒకే ఆంబోతుకు పుట్టిన రెండు పెయ్యలున్నాయనీ, రెండూ సమానంగానే మేస్తున్నా వాటిలో లచ్చి అనేది మాత్రం పెరగడం లేదనీ తెలిసి ఎగిరి గంతేశాను. ఆదివారం అంగడిలో లచ్చిని అమ్మేస్తానంది రాజవ్వ. అందుకే శుక్రవారమే బయలుదేరాను.

ఆరున్నరకు హనుమకొండలో ఆర్డినరీ బస్సు ఎక్కితే ఎనిమిది దాటాక పాలకుర్తి. అక్కడి నుంచి షేర్ ఆటోకు ముప్పై రూపాయలు. ఆవుల ఆకలి మీద పరిశోధన అనగానే ఆటో అన్న పగలబడి నవ్వాడు.

“నా ఆకలి మీద మా ఇంటామె ఎప్పటిసంది చేస్తాంది మేడం!”

రాజవ్వ నా చేతిలో రెండు గుడ్డ మూటలు పెట్టింది.

“తోక ఎంట్రుకలు గావాలంటివి గదా బిడ్డా. గంత దూరం నుంచి వస్తానవని నేనే కోసి వెట్టిన.”

రెండు తోకలూ నున్నగా ఉన్నాయి. పరీక్షకు పనికొచ్చేది కుదురుతో ఊడిన వెంట్రుకే. ఏడవలేక నవ్వాను. సరే, భుజం మీద పీకుదామని వంగానో లేదో, లచ్చి ఒక్క తన్ను తన్నింది. నా ఫైలు పోయి తొట్టి వెనక పడింది.

ఫైలు కోసం చెయ్యి పెడితే గోడ సందులో పెద్ద మాత్రలు రెండు తగిలాయి.

“ఇవేంటి అవ్వా?”

రాజవ్వ నోరు తెరిచింది. “నట్టల గోళీలు! బెల్లంల వెట్టి ఇచ్చిన గదనే! బెల్లం నాకి గోళీ ఉమ్మినవా, దొంగదానా?”

నట్టలంటే కడుపులో పురుగులు. లచ్చి తిన్నదంతా వాటికే పోతోందేమో! నాకు సిగ్గేసింది. ఫోన్లో వెంట్రుకలు అడిగానే గానీ, ఆ మందు వేశారా అని అడగలేదు. రాజవ్వ ఆ ఆదివారం అంగడికి పోలేదు. పశువుల డాక్టరును పిలిచి మందు గొంతులో పోయించింది.

జన్యువులు అబద్ధమని కాదు. అవి తమ పని చూపించాలంటే తిన్నది ముందు ఒంటికి పట్టాలి. మీరూ ఇలా వెళ్తే వెంట్రుకలు కొయ్యొద్దని, మీరే వచ్చి పీకుతారని ముందే చెప్పండి. మా ల్యాబ్ రిపోర్టు ఇంకా రాలేదు. ఈలోపు నిన్న రాజవ్వ ఫోన్ చేసింది.

“లచ్చి మెడ తాడు బిగుసుకుంటాంది బిడ్డా, కొత్తది తెస్తాన.”