పెద్దల్లుడి పిన్నుల డిస్కు

మా అత్తగారింట్లో పండుగప్ప చేప పులుసు వండితే తలకాయ ముక్క పెద్దల్లుడి కంచంలో పడాలి. ఎవరూ పెట్టిన నియమం కాదు గానీ, తొంభైల చివర్లో నేను జాలారిపేటలో ఆ ఇంటికి అల్లుణ్ణయినప్పటి నుంచి ఐదారేళ్లు అలాగే జరిగింది. ఇంకో అల్లుడు లేడు కాబట్టి జరుగుతోందని నాకు తోచలేదు. అంతా నా గొప్పే అనుకున్నాను.

తర్వాత మా మరదలికి పెళ్లయింది, తోడల్లుడు దిగాడు. అతనికి స్టీలు ప్లాంటులో ఉద్యోగం. నేను పోర్టు దగ్గర ఒక షిప్పింగు ఏజెంటు ఆఫీసులో గుమాస్తాని. అతను వచ్చిన మొదటి నెలలోనే మామగారి పడవ ఇంజను చప్పుడు విని రోగమేమిటో చెప్పేశాడు. ఇంట్లో ఆగిపోయిన ఫ్యాను తిప్పాడు. పైగా మంచివాడు. నన్ను ‘అన్నియ్యా’ అని నోరారా పిలిచేవాడు. కాస్త చెడ్డవాడైనా నాకు సుఖంగా ఉండేది, తిట్టుకోవడానికి ఒక సాకు దొరికేది. ఉన్నమాట చెబుతున్నాను, అతన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది.

మా అత్తగారు హార్బరులో చేపలు కొని, గంపకెత్తుకుని వీధివీధీ తిరిగి అమ్మిన మనిషి. ఆవిడ ఉన్నంతకాలం తల నాకే వేసింది. ఆవిడ హఠాత్తుగా పోయాక, పెద్దకర్మ అయిన తర్వాతి ఆదివారం భోజనాల దగ్గర మా మామగారు, “సిన్నల్లుడికి తల ఎయ్యమ్మా, డ్యూటీ దిగి తిన్నగా ఇటే వచ్చాడు” అన్నారు. నా కంచంలో తోక వైపు ముక్క పడింది. అతను తలను నావైపు జరపబోయాడు. వద్దన్నాను. ఆ పూట పులుసు కారమో పులుపో కూడా నాకు తెలియలేదు.

అయితే అతని దగ్గర లేనిది నా దగ్గర ఒకటుంది. అత్తగారు పోవడానికి కొన్ని నెలల ముందు, ఆఫీసు డిజిటల్ కెమెరా అడిగి తెచ్చి ఒక ఆదివారం ఆవిడను వీడియో తీశాను. మూడు నిమిషాలుంటుంది. వంటింటి గుమ్మంలోంచి తీసింది. ఆవిడ నావైపు తిరిగి, “ఆ డబ్బా పక్కనెట్టి తినవేటి బాబూ” అని కసురుతుంది. తర్వాత వెనక్కి తిరిగి కూతుళ్లిద్దరితో, “పెద్దోడికి తల ఎయ్యండే” అంటుంది. ఆవిడ గొంతు ఇక ఎక్కడా లేదు. కెమెరాలోది చెరిపేసి ఆఫీసులో ఇచ్చేశాను, మిగిలింది నా లేప్‌టాప్‌లోనే. చుట్టాలు అది చూడటానికి కంచరపాలెంలో మా ఇంటికి వచ్చేవాళ్లు. నేను వేసి చూపించి, ‘తల ఎయ్యండే’ దగ్గర ఆపేసేవాణ్ణి. “తర్వాత ఇంకేం లేదు, గిన్నెల చప్పుడే” అనేవాణ్ణి.

“మరిది లేప్‌టాప్‌లో కూడా ఒకటి ఎక్కించండి. మీది అసలే పాతది” అని నా భార్య రెండు మూడుసార్లు అంది. చూద్దాంలే అన్నాను. ఎందుకు ఎక్కిస్తాను? ఎక్కిస్తే చుట్టాలు అక్కడికి పోతారు.

నా లేప్‌టాప్ ఆఫీసువాళ్లు పాతవి తీసేస్తుంటే కొనుక్కున్నది. డిస్కు నలభై జీబీ, నిండిపోయి మూలుగుతోంది. అతను కొత్త లేప్‌టాప్ కొనడమే కాక, దాని డిస్కు తనే విప్పి నూట అరవై జీబీది వేసుకున్నాడు. ఆ ముచ్చట మామగారు ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పారు. అత్తగారి సంవత్సరీకానికి అందరూ మా ఇంటికొచ్చి వీడియో చూడాలనుకున్నారు. ఆ లోపల నేనూ నూట అరవైది వేసి తీరాలని పంతం పట్టాను.

అతన్ని ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగలేదు. ఒకరోజు వాళ్లింటికి వెళ్లినప్పుడు అతను స్నానానికి లేచాడు. బల్ల మీద అతను విప్పి పక్కనపెట్టిన డిస్కు ఉంది. దాని మీది కంపెనీ, రకం బస్సు టికెట్టు వెనక రాసుకున్నాను. జేబులోంచి స్కేలు తీసి పొడవూ వెడల్పూ కొలిచాను. ఇంటికొచ్చి నాది విప్పి కొలిస్తే సరిగ్గా అంతే. నా తెలివికి నేనే మురిసిపోయాను. నా డిస్కుకి ఒక అంచున రెండు వరసల సూదుల్లాంటి పిన్నులున్నాయి. అతనిదాన్ని తిప్పి అంచు చూడాలనే ఆలోచన నాకు రాలేదు.

డాబాగార్డెన్స్ దగ్గర కంప్యూటర్ల కొట్టతను టికెట్టు వెనక రాత చూసి, “లేప్‌టాపు ఏది బాబూ? పట్టుకొచ్చి సూపించు. పిన్నులదా, కొత్త రకమా సూడకుండా ఇత్తే రేపు నన్నే తిడతావు” అన్నాడు.

“అన్నీ చూసుకునే వచ్చాను” అన్నాను. తెలియదని చెప్పడానికి ఆ మనిషి దగ్గర కూడా నామోషీ.

ఇంటికి వచ్చి కొత్త డిస్కు విప్పితే అంచున పిన్నుల్లేవు, బంగారు రంగు సన్నటి గీతలున్నాయి. అప్పుడైనా ఆగి తిరిగి ఇచ్చేస్తే సరిపోయేది. పాతదాని పిన్నులు ఏదో తొడుగు అయ్యుంటాయని, తీసి కొత్తదానికి తగిలించాలని నాకు నేనే తీర్మానించుకున్నాను. స్క్రూడ్రైవరు దూర్చి మెలితిప్పాను. తొడుగేమీ ఊడలేదు. రెండు వరసల పిన్నులూ వంగి ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. బెదిరిపోయి పాతదాన్నే మళ్లీ లోపలికి నెట్టబోతే ఇంకా వంగాయి. లేప్‌టాప్ ఆన్ చేస్తే నల్ల తెర మీద డిస్కు లేదని ఒక్క ముక్క చూపించి ఊరుకుంది.

అత్తగారి గొంతు ఆ వంగిన పిన్నుల వెనక ఉండిపోయింది. సంవత్సరీకం ఇంకా మూడు రోజులు. ఆ మూడు రోజులూ నా భార్య ముఖం చూడలేకపోయాను. సంవత్సరీకం నాడు ఉదయం తొమ్మిదింటికల్లా అందరూ దిగిపోయాక, ఇక తప్పక, డిస్కు తువ్వాల్లో చుట్టి తెచ్చి తోడల్లుడి చేతిలో పెట్టాను. జరిగింది చెప్పాను. నా భార్య విని గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

అతను తిప్పి చూశాడు. “ఒక్క ఫోను సేత్తే సెప్పేవోణ్ణి గదా అన్నియ్యా. సైజు ఒకటే గానీ రెంటికీ నోర్లు వేరు. నీది పిన్నులది, నాది కొత్త రకం” అన్నాడు. ఎగతాళి చేసినా బాగుండేది. చెయ్యలేదు.

మా మరదలి చీర పిన్నీసు అడిగి తీసుకున్నాడు. కిటికీ పక్కన కూర్చుని ఒక్కో పిన్నూ లేపడం మొదలుపెట్టాడు. మామగారు పక్కన కూర్చుని, వల కుట్టేవాడి చేతిని చూసినట్టు ఆ చేతినే చూస్తున్నారు. అత్తగారి గొంతు పోయిందేమోనని భయం ఒకపక్క. అయినా సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ చెయ్యి వణకకపోవడం చూసి కూడా కుళ్లుకున్నాను.

మధ్యాహ్నానికి పిన్నులన్నీ నిలబడ్డాయి. పాత రకం డిస్కు పెట్టి, బయటి నుంచి తీగతో కలుపుకునే పెట్టె ఒకటి అతని సంచిలో ఉంది. అందులో బిగించి తన లేప్‌టాప్‌కి తగిలించాడు. వీడియో వచ్చింది. “డబ్బా పక్కనెట్టి తినవేటి బాబూ” అని అత్తగారు కసిరేసరికి మామగారు కండువా నోటికి అడ్డం పెట్టుకున్నారు. “పెద్దోడికి తల ఎయ్యండే.” నేను చెయ్యి చాపాను, ఆపేద్దామని.

“ఉండన్నియ్యా, ఫైలు సివరికంటా బాగుందో లేదో సూడాల” అన్నాడు.

తెరలో అత్తగారు కూతుళ్ల వైపు వంగింది. గొంతు తగ్గించింది గానీ కొత్త లేప్‌టాప్‌లో ప్రతి మాటా వినపడింది. “లేకపోతే మూతి ముడుసుకుంటాడు. సిన్నోడు ఏదేసినా తింటాడు.”

తర్వాత నిజంగానే గిన్నెల చప్పుడు.

ఆ మాట నాకు మొదటిరోజే తెలుసు. నాకొక్కడికే తెలుసనుకున్నాను. కానీ ఆవిడ ఆ మాట అన్నది ఈ అక్కచెల్లెళ్లతోనే కదా. నేను ఆపేసిన ప్రతిసారీ వాళ్లకు అర్థమవుతూనే ఉంది, ఇన్నాళ్లూ నా పరువు కాపాడారు. మామగారు నవ్వబోయి నన్ను చూసి ఊరుకున్నారు. తోడల్లుడు నావైపు చూడకుండా, తెర మీదే కళ్లు పెట్టుకుని, “నానొక కాపీ ఉంచుకోనా అన్నియ్యా?” అని అడిగాడు.

అతను నన్నడిగాడు. వెంటనే ఉంచుకోమనాలి. డిస్కు చుట్టి తెచ్చిన తువ్వాలు తీసి మడతపెట్టడం మొదలుపెట్టాను.

నా మూతి అప్పుడెలా ఉందో నాకు తెలియదు. నా భార్య చూసింది. చూసి, తల అటు తిప్పుకుని, “ఉంచుకో మరిదీ” అని తనే చెప్పింది.