కటుంగే కట్టిన ప్రయాణం

'వాయువాకి ముక్కు మీదే కోపం' అంటారు నన్ను. అవును, ఉంది. కటుంగే అక్కకి మా వాళ్ళు చేసిన పని వింటే మీకూ వస్తుంది.

మా ఊరు కిబ్వేజీ పట్నం దాటాక, సముద్రం ఒడ్డునున్న మొంబాసాకి పోయే రోడ్డు మీద ఉంది. ఆ రోడ్డు పక్కనే కటుంగే ముప్ఫై ఏళ్ళుగా బల్ల వేసుకుని నారింజపళ్ళు అమ్ముతోంది. బేరం లేనప్పుడు కిత్తనారతో బుట్టలు అల్లుతుంది. ఆ బుట్టలు మొంబాసా వెళ్ళి, తెల్లదొరసానుల భుజాలకెక్కి, సముద్రపు ఒడ్డున షికార్లు తిరుగుతాయి. అల్లిన మనిషి మాత్రం అరవై రెండేళ్ళు వచ్చినా సముద్రం మొహం చూడలేదు. ఎంత దూరమని? ఐదు గంటల దారి! బస్సులన్నీ ఆవిడ మొహాన దుమ్ము కొట్టి అటే పోతాయి. మొగుడు పోయేనాటికి నలుగురు పిల్లలు. బల్ల ఎత్తేసిన రోజు పొయ్యి వెలిగేది కాదు. పిల్లలు రెక్కలొచ్చి ఎవరి ఇళ్ళకి వాళ్ళు వెళ్ళాక గానీ ఆవిడకి ఊపిరి ఆడలేదు.

అయినా మొంబాసా గురించి ఆవిడకి తెలియనిది లేదు. పళ్ళ కోసం లారీ ఆపిన ప్రతి డ్రైవరునీ పట్టుకుని అడిగేది.

"ఏమయ్యా, అక్కడ నీళ్ళు వెనక్కి పోయే వేళ ఏది?"

"ఒక్కో రోజు ఒక్కో వేళ, అమ్మా. చంద్రుణ్ణి అడగాలి."

"చంద్రుడు నా దగ్గర పళ్ళు కొనలేదు. నువ్వు కొన్నావు, నువ్వే చెప్పు."

ఒక్క సంగతి మాత్రం ఎంతమంది చెప్పినా నమ్మలేదు. నీళ్ళు ఉప్పగా ఉంటాయంటే, "పోవయ్యా, అన్ని నీళ్ళకి ఉప్పు ఎవడు పోస్తాడు?" అనేది.

మా బుట్టల సంఘంలో పదమూడు మందిమి. మూడు రోజుల మొంబాసా ప్రయాణం కట్టింది కటుంగే. మొదటి రోజు పాత కోట చూసి, దాని వెనక ఇరుకు సందుల్లో కొబ్బరిపాలతో వండిన చిక్కుడు గింజలు తినడం. రెండో రోజు లికోని రేవులో జనంతో పాటు పడవ ఎక్కి అవతలి ఒడ్డు చేరడం. మూడో రోజు పొద్దున్నే సముద్రంలో దిగి, సీసాల్లో నీళ్ళు పట్టుకుని ఇంటిదారి పట్టడం. నీళ్ళు తగ్గే వేళ చూసి మరీ రోజు పెట్టింది. మాలో ఎవరం దానికి ఒక్క మాట కలపలేదు. కలపడానికి మాకేం తెలుసు?

బయల్దేరడానికి రెండు రోజుల ముందు చర్చి వరండాలో అందరం కూర్చున్నాం. సంఘం పెద్ద స్యొంబువా లేచి గొంతు సవరించుకుంది.

"మనం మాట్లాడుకున్న వ్యాను చెడిపోయిందట. ముసెంబి వ్యాను మాట్లాడేశాను. మనవాడే, నిదానంగా నడుపుతాడు."

ముసెంబి ఎవరనుకున్నారు? కటుంగే చిన్నకూతురు కవిన్య మొగుడు. మా కంబా తెగలో అత్తా అల్లుడూ ఎదురుపడకూడదు. దారిలో కనిపిస్తే అత్త మొహం మీదికి గుడ్డ లాక్కుంటుంది, అల్లుడు పొదల్లోకి తప్పుకుంటాడు. మాటలు కూడా మధ్యమనిషితోనే. ఇక ఒకే వ్యానులో మూడు రోజులా! అల్లుడు ఒక మేకా ఒక దుప్పటీ తెచ్చి అత్తకి ఇచ్చుకుంటే ఆ కట్టు వీడుతుంది. ముసెంబి పదకొండేళ్ళుగా 'వచ్చే ఏడు, వచ్చే ఏడు' అంటున్నాడు. వాడు మా పుట్టింటి ఊరి పిల్లాడు, నన్ను పిన్నీ అంటాడు. అందుకని ఆ పదకొండేళ్ళూ ఇద్దరి మధ్యా మాటలు మోసే చాకిరీ నాదే.

"కిబ్వేజీ నిండా వ్యాన్లుంటే నీకు ముసెంబి వ్యానే దొరికిందా?" అన్నాను.

"ఇప్పుడెక్కడ వెతకను? ఆ కట్టుబాటు నేను పెట్టానా? కటుంగే అక్క పెద్దమనిషి, అర్థం చేసుకుంటుంది. ఆ సీటులో మా చెల్లెలు వస్తుందిలే."

"ఓహో! సీటు ఖాళీ కాకముందే చెల్లెలు బట్టలు సర్దుకుందన్నమాట!"

నాకు ఒళ్ళు మండిపోయింది. మండదూ? ఈ స్యొంబువా ప్రతి ఆదివారం అల్లుడి కారులో, ముందు సీట్లో కూర్చుని చర్చికి వస్తుంది. అదేమని అడిగితే, 'మేం దేవుణ్ణి నమ్ముకున్నవాళ్ళం, పాత కట్లు మాకెందుకమ్మా' అంటుంది. కట్టు కటుంగే మెడకి మాత్రమేనా? మిగతా ఆడవాళ్ళు తమ సీట్లు తాము చూసుకుని నేలచూపులు చూశారు.

కటుంగే చేతిలోని నార పేనుతూనే ఉంది. "వెళ్ళి రండే. నాకో సీసాడు నీళ్ళు తెండి, చాలు," అంది.

ఇంటికి వెళ్తూ దారిలో పోరు పెట్టాను. "ముసుగేసుకుని ఎక్కెయ్యక్కా. దేవుడేమీ అనడు."

"దేవుడు అనడే. రేపు నలుగురూ 'నీ మొగుడి వెనక మీ అమ్మ మూడు రోజులు ఊరేగిందట' అంటే నా కూతురు తలెక్కడ పెట్టుకుంటుంది? ఊరుకో."

నేనూ మానేస్తానన్నాను. "నువ్వన్నా చూసి చెప్పకపోతే ఎవరు చెబుతారు నాకు?" అని తిట్టింది. అందుకని ఎక్కాను. కడుపు రగిలిపోతూనే ఎక్కాను.

పొద్దున్నే చర్చి దగ్గర బయల్దేరిన వ్యాను ఆవిడ బల్ల ముందునుంచే పోవాలి. వెనక స్యొంబువా చెల్లెలు పాటందుకుంది. దూరం నుంచే కటుంగే మా వ్యాను పోల్చుకుంది. చేతిలో పండు కింద పెట్టి, గుడ్డ మొహం మీదికి లాక్కుంది. ఆ ప్రయాణం కట్టిన మనిషి ఆ ప్రయాణాన్నే చూడకుండా మొహం దాచుకుని కూర్చుంది. ఇక నావల్ల కాలేదు.

"ఆపరా బండి!" అని అరిచాను.

ముసెంబి బెదిరిపోయి రోడ్డు పక్కకి తీశాడు. "ఏమైంది పిన్నీ?"

"ఏమైందా? మీ అత్త ఎందుకు రావడంలేదో తెలుసా నీకు?"

"జ్వరమటగా. స్యొంబువమ్మ చెప్పింది."

"జ్వరమా! నీ వ్యానేరా ఆ జ్వరం!" అని మొత్తం కక్కేశాను. పదకొండేళ్ళ 'వచ్చే ఏడు' కూడా అందులో కలిపాను. వాడి మొహం మాడిపోయింది. స్యొంబువా కిటికీలోంచి కొండల్ని చూడసాగింది.

ముసెంబి దిగి, బల్లకి పది అడుగుల దూరంలో, అటు తిరిగి నిలబడ్డాడు. "పిన్నీ, అత్తగారికి చెప్పు. నాకు తెలియదని చెప్పు."

"తెలియదటక్కా," అన్నాను.

"వినపడిందని చెప్పు," అంది ముసుగులోంచి.

వాడు ఫోను తీసి, స్టాండులో ఉండే క్యాలో అనే డ్రైవర్ని పిలిచాడు. కాసేపటికి క్యాలో మోటారు సైకిలు మీద వచ్చాడు. తాళాలు అతని చేతిలో పెట్టి ముసెంబి అన్నాడు: "పిన్నీ, చెప్పు. వ్యాను క్యాలో నడుపుతాడు. నేనిక్కడే ఉంటాను, బల్ల చూసుకుంటాను. ఆవిడ వెళ్ళాలి."

"సీట్లన్నీ నిండిపోయాయి!" అని అరిచింది స్యొంబువా.

"వ్యాను నాదమ్మా. మీ చెల్లెలు దిగితే కదులుతుంది."

చెల్లెలు మూతి ముడుచుకుని దిగింది. కటుంగే వంగి బల్ల కిందనుంచి సంచీ తీసింది. మూట కట్టుకున్న బట్టలు, ఖాళీ సీసా, అన్నీ అందులో ఉన్నాయి. వెళ్ళనన్న మనిషి సంచీ సర్దుకుని రోడ్డు పక్కన కూర్చుంది, చూశారా! నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపు కూడా కోపంగానే వచ్చింది.

వ్యాను ఎక్కుతూ ఆగింది. "వాయువా, అతనికి చెప్పు. ముందు వరస పళ్ళు తీపి, వెనకవి పులుపు. పులుపువి తీపని చెప్పి అమ్మితే ఊరుకోను."

కోట చూశాం. పడవ ఎక్కాం. మూడో రోజు పొద్దున ఆవిడ చెప్పిన వేళకే నీళ్ళు వెనక్కి పోయాయి. కటుంగే మోకాళ్ళ లోతున నిలబడి, దోసిట్లో నీళ్ళు తీసుకుని నోట్లో పోసుకుంది. మొహం వికారంగా పెట్టింది. మళ్ళీ పోసుకుంది.

తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది. బల్ల శుభ్రంగా తుడిచి ఉంది. ముసెంబి అప్పటికే ఆగివున్న ఒక లారీ పక్కకి తప్పుకుని, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. కటుంగే కూర్చునే పీట మీద కొత్త దుప్పటి మడత పెట్టి ఉంది.

"మేక ఏదిరా?" అన్నాను. ఊరుకుంటానా?

"వచ్చే నెల తెస్తానని చెప్పు పిన్నీ."

నేనైతే మేక కళ్ళబడేదాకా ఆ దుప్పటి ముట్టుకునేదాన్ని కాదు. కటుంగే దాన్ని చేత్తో నిమిరింది. అలవాటుగా తలమీది గుడ్డ పట్టుకుని మొహం మీదికి సగం లాగింది. ఆగింది. వదిలేసింది. గుడ్డ భుజాల మీదికి జారిపోయింది. సంచీలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది.

"ముసెంబీ, నిజంగానే ఉప్పగా ఉన్నాయి నాయనా," అంది.

పదకొండేళ్ళ అలవాటు కదా, ఆ మాట అటు చేరవెయ్యడానికి నేను నోరు తెరిచాను. ముసెంబి అప్పటికే ఇటు తిరిగాడు.