సోల్డరు ఉమ్మిన వారం

బాపట్లలో నేను టిఫిన్ చేసే హోటల్లో ఉప్పు డబ్బా మీద నాకు పాత ఫిర్యాదు ఉంది. తలకిందులు చేస్తే ఒక్క రవ్వ రాలదు. బల్లకేసి కొడితే మూత ఊడి ఉప్మా మీద గుప్పెడు పడుతుంది. సముద్రం దగ్గరి ఊరు, ఉప్పు చెమ్మగిలుతుంది, నాలుగు బియ్యపు గింజలు వెయ్యి బాబాయ్ అని ఎన్నిసార్లు చెప్పినా హోటలాయన నవ్వేసేవాడు. ఇంజనీరింగ్ ఆ ఊళ్లోనే చదివాను కనుక, గాలిలో తడి గురించి అక్కడ ఉపన్యాసం ఇచ్చే హక్కు నాకుందనుకునేవాణ్ణి.

టిఫిన్ అయ్యాక రైలెక్కి తెనాలి వెళ్లేవాణ్ణి. మా యజమాని తన రైస్ మిల్లులో సగానికి అడ్డుగోడ కట్టి, పొలాల్లో నీటి మోటార్ల స్టార్టర్లకి సర్క్యూట్ బోర్డులు చేయించేవాడు. బోర్డు గొలుసు మీద వచ్చి, అతుకులు వేసే లోహం, సోల్డరు, కరిగి లేచే అల మీదుగా అడుగుభాగం తడుపుకుంటూ పోతుంది. వందల అతుకులు ఒక్క ఊపులో పడతాయి. ఆ మిషన్ నడిపే ఆపరేటర్ని అందరం భాయ్ అనేవాళ్లం. ఒకప్పుడు బజార్లో రేడియోలు బాగుచేసిన మనిషి. నేను ఇంజనీర్ని. అంటే, తప్పు ఎవరిదో తేల్చేవాణ్ణి.

ఆ వానాకాలం అతుకుల్లో సూది గుచ్చినట్టు బొక్కలు మొదలయ్యాయి. పైకి మెరుపు, లోపల గుల్ల.

"నా చేతిలో తేడా లేదు సార్. బోర్డులోనే ఏదో ఉంది," అన్నాడు భాయ్.

"బోర్డేం చేస్తుంది భాయ్, నోరు లేనిది," అన్నాను.

నోరుందని రేపల్లె వైపు నుంచి తెలిసింది. చెరుకుపల్లి దగ్గర రైతు ఒకాయన, వాన మొహం చాటేసిన వారంలో నాట్లు ఎండుతుంటే పచ్చ బటన్ నొక్కాడు. స్టార్టరు పేలి అరచెయ్యి కాలింది. మర్నాడు ఆయన, ఆయన బావమరిది మాడిన పెట్టెను గోనెసంచిలో వేసుకుని మా ఫ్యాక్టరీకి వచ్చారు.

"ఈ బొమ్మ చేసిందెవడ్రా?"

యజమాని భాయ్ వైపు చూశాడు. నేను కూడా.

రైతు బాగున్న చేత్తో పెట్టె మూత పెరికి భాయ్ ఎడమ చెవి మీద తన అభిప్రాయం తెలియజేశాడు. బావమరిది కాలర్ పట్టుకుని భాయ్‌ని గోడకి రెండుసార్లు పరిచయం చేశాడు. నేను అడ్డం వెళ్లాను. నాకొక మోచెయ్యి దక్కింది, నా కళ్లజోడు ఎవరి కాలికో దక్కింది. భాయ్ చెవిలోంచి రక్తం చొక్కా మీదికి కారుతోంది.

"నా చెయ్యి చూడరా! అన్నం ఎట్టా కలుపుకోవాల్రా నేను?" రైతు కొడుతూనే ఏడ్చాడు.

కొత్త స్టార్టరిచ్చి వాళ్లని పంపాక యజమాని చెప్పాడు: "శనివారందాకా చూస్తా భాయ్. అప్పటికీ అతుకులు ఇట్టాగే ఉంటే వేరే పని చూసుకో."

"ఈ వయసులో నాకింకేం పనొచ్చండీ?" అన్నాడు భాయ్.

సోల్డరు బాగా పట్టడానికి బోర్డుకి పూసే ఫ్లక్స్ మార్చాను. వేడి పెంచాను. గొలుసు వేగం తగ్గించాను. బొక్కలు తగ్గలేదు, పైగా పక్కపక్క అతుకులు ఒకదాన్నొకటి కావలించుకోవడం మొదలెట్టాయి. శుక్రవారం భాయ్ చెవిలో దూదితో మిషన్ మీదికి వంగి చూస్తుండగా, బోర్డు అలని తాకీ తాకగానే సోల్డరు పేలినట్టు ఎగిరింది, సలసల కాగే నూనెలో తడి గరిటె పెట్టినట్టు. ఒక చుక్క ముంజేతిని కరిచింది, ఇంకొకటి కంటి కింద. రక్షణ అద్దాలు పెట్టుకోబట్టి కన్ను మిగిలింది. చర్మం కాలిన వాసన వచ్చింది. అరిచింది నేను. కాలింది మాత్రం ఆయనకి.

తడి గరిటె. నాకు ఉప్పు డబ్బా గుర్తొచ్చింది. భాయ్‌ని ఆసుపత్రికి పంపి, బోర్డులుంచే గోడౌన్‌కి పరిగెత్తాను. మూతలు తెరిచిన అట్టపెట్టెలు నేలమీదే ఉన్నాయి, అడుగున నాని మెత్తబడి. స్వీపరమ్మ బకెట్‌లోంచి దోసిళ్లతో నీళ్లు జల్లుతోంది.

"ఇదేంటమ్మా?"

"ఊక దుమ్ము లేవకుండా పొద్దునా సాయంత్రం జల్లమన్నారు కదండీ."

"ఎవరు?"

"మీరేనండి."

నిజమే. రెండు నెలల కిందట, మిల్లు వైపు నుంచి దుమ్ము వచ్చి బోర్డుల మీద పడుతోందని, వాకిట్లో కళ్లాపి జల్లినట్టు జల్లమన్నాను. పేడొక్కటీ కలపొద్దన్నాను. ఆ జోకుకి ఆవిడ నవ్వింది కూడా. అప్పట్నుంచీ బోర్డులు ఆ తడి తాగుతున్నాయి. అల వేడి తగలగానే లోపలి నీరు ఆవిరై సోల్డరుని చీల్చుకుని బయటికొస్తోంది.

పక్కన మోటార్ వైండింగ్ షాపులో కాయిల్స్ ఆరబెట్టే ఓవెన్ ఉంది. కొన్ని బోర్డుల్ని అందులో ఎండబెట్టి, శనివారం పొద్దున మిషన్ ఎక్కించాం. చేతికి కట్టుతో భాయే నడిపాడు. అల చప్పుడు చెయ్యలేదు. భూతద్దం పెట్టి వెతికాను, ఒక్క బొక్క లేదు.

యజమాని భాయ్ చేతిని తట్టాడు, కాలినదాన్నే. "నువ్వెక్కడికీ పోనక్కర్లా. ఇంతకీ ఏంటంట ఇంజనీరు గారూ?"

"తేమండి," అన్నాను. అంతకుమించి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

టీ దగ్గర భాయ్‌కి మొత్తం చెప్పాను: బకెట్, నీళ్లు, జల్లమన్నదెవరో. ఎడమ చెవి ఇంకా వినబడటం లేదని కుడి చెవి నావైపు తిప్పి విన్నాడు. మధ్యలో పేడ జోకు కూడా చెప్పాను. నవ్వలేదు. గ్లాసు కింద పెట్టాడు.

"అయితే ఆ దెబ్బలు మీవి సార్."