కారిన బొట్టు

వేపలు ఇరవై ఆరు. నేరేళ్లు తొమ్మిది. తెల్లమద్దులు ఆరు. రావి చెట్లు రెండు. ఢిల్లీ ఆర్.కె. పురంలో మా క్వార్టర్ల వెనక వీధిలో మొత్తం నలభై మూడు చెట్లు పోయాయి. ఇస్త్రీ భయ్యా బల్లకు నీడ పోయింది. చిలకల గూళ్లు ఎన్ని పోయాయో లెక్కపెట్టలేదు. పడిన కొమ్మల్లో వెతకడానికి చేతులు రాలేదు.

భూమిలో కరెంటు కేబుల్ వేయడానికి ఒక కంపెనీ వాటిని కొట్టించింది. కొట్టిన ప్రతి చెట్టుకూ పది మొక్కలు నాటాలని అనుమతిలో షరతు. అవి నాటారని అటవీ శాఖ అధికారి ఒప్పుకుంటే రెండో విడత మొదలవుతుంది, మా ముందు వీధిలోని పదిహేడు చెట్ల మీదికి రంపం వస్తుంది. నాటేశామని కంపెనీ ఫొటోలతో సహా నివేదిక ఇచ్చింది.

నేను కరెంటు గురించీ, అది మింగే నేల, నీళ్ల గురించీ పుస్తకాలు రాస్తాను. కాలేజీలో చదివింది చరిత్ర. లెక్కలు బొగ్గు టన్నులు కూడుకుంటూ సొంతంగా నేర్చుకున్నవే. ఎవరు ఏ అంకె చెప్పినా వెళ్లి చూసి రావడం అలవాటైపోయింది. నాటామని నివేదికలో చెప్పిన మూడు చోట్లకూ వెళ్లాను. నాలుగు వందల ముప్పై మొక్కలు ఉండాలి. అరవై ఏడు ఉన్నాయి. మిగతావి నాటాక ఎండిపోయాయని వాళ్లు అంటే, కాదనడానికి రుజువు కావాలి.

నివేదికలోని ఫొటోలు భోజనాల బల్ల మీద పరుచుకుని కూర్చున్న రోజు, కింది అంతస్తు ఆంటీ కరివేపాకు ఇవ్వడానికి వచ్చింది. ఆవిడది భీమవరం వైపు. వెనక వీధిలోని పెద్ద వేపకు శుక్రవారం శుక్రవారం పసుపు రాసి బొట్లు పెట్టేది. దాన్ని కొట్టేశాక గేటు దగ్గరి వేపమొక్కకు మార్చుకుంది. కాండం మరీ సన్నం కాబట్టి, చుట్టూ ఉన్న ఇనుప కంచె రేకుకు పెట్టేది.

"ఇదేంటి బాబూ, మన గేటు మొక్కని ఫొటో తీశారు?"

"ద్వారక రోడ్డు పక్కదని రాశారు ఆంటీ."

"ఏడిశారు! ఈ మూడు బొట్లూ నేను పెట్టినవే. నడిమిది కారింది చూడు. ఆ వారం కుంకుమలో నీళ్లెక్కువయ్యాయి."

మిగతా ఫొటోలు వెతికాను. జనక్‌పురి పార్కులోదని రాసిన మొక్క దగ్గరా అదే బొట్టు, అలాగే కారి ఉంది. కెమెరా ఒక్కటే పక్కకు జరిగింది.

నేను ఫిర్యాదు చేస్తే అటవీ శాఖ అధికారి విచారణ పెట్టాడు. దానికి ఆంటీని వెంట తీసుకెళ్లాను. ఫొటోలో ఆ ఎర్ర చుక్కలేమిటని అధికారి అడిగాడు.

"హమారా మార్కింగ్ హై సర్. రెడ్ పెయింట్," అన్నాడు కంపెనీ మేనేజరు, అవి తాము పెట్టుకున్న గుర్తులని.

ఆంటీ కుర్చీలోంచి లేచింది. "పెయింటా? అరే భయ్యా, వో మేరా కుంకుమ్ హై! హర్ శుక్రవార్ లగాతీ హూఁ!" తర్వాత నా వైపు తిరిగి, "కింద రాసిన పసుపు కూడా పెయింటేనా అని అడుగు బాబూ," అంది.

అడిగాను. మేనేజరు ఫైలు తిరగెయ్యసాగాడు. అధికారి ఫొటోలు రెండూ పక్కపక్కన పెట్టుకుని, కారిన బొట్టును పోల్చి చూశాడు.

"ఏక్ హీ పౌధా దిల్లీ ఘూమ్ రహా హై క్యా?" అన్నాడు. ఒకే మొక్క ఢిల్లీ అంతా షికారు చేస్తోందా అని.

గదంతా నవ్వింది. రెండో విడత అక్కడే ఆగిపోయింది. కేబుల్‌ను రోడ్డు మధ్య నుంచి తీసుకెళ్లారు. పదిహేడు చెట్లూ నిలబడ్డాయి.

ఆ శుక్రవారం ఆంటీ పదిహేడింటికీ పసుపు రాసింది. అప్పటికే బల్లను ముందు వీధి నీడలోకి మార్చుకున్న ఇస్త్రీ భయ్యా, "ఆంటీజీ, ఇస్ బార్ పానీ కమ్ డాల్నా," అని, ఈసారి నీళ్లు తక్కువ పొయ్యమంటూ ఆటపట్టించాడు.

"నువ్వు మా ఆయన చొక్కాలు మాడ్చకుండా చూసుకో," అంది ఆంటీ తెలుగులోనే. అతనికి అర్థమైంది.

నా పుస్తకాల్లో గెలుపుతో ముగిసే అధ్యాయాలు తక్కువ. ఇది మాత్రం అలా ముగిసింది. ఎగ్గొట్టిన మొక్కలన్నీ నాటాలని కంపెనీకి ఉత్తర్వు వచ్చింది. ప్రతి వానాకాలం అయ్యాక నేనూ ఆంటీ వెళ్లి లెక్కపెట్టి వస్తాం. ఇవాళ్టికి వేళ్లూని బతికినవి రెండు వందల తొంభై ఒకటి. ఇంకా రావలసినవి నూట ముప్పై తొమ్మిది.